ఆకుపచ్చ రోజులు

నాలుగు కాగితాలు బల్ల మీద వరసగా పరిచి సిస్టర్ అగాథా ఒక్కో గడినీ వేలితో లెక్కపెడుతోంది. కుర్చీ అంచున కూర్చున్న సున్‌బోక్‌కి ఆ లెక్క భయం పుట్టించింది. మంచి కబురైతే ఇంతసేపు పట్టదు.

ఒక్కో కాగితం ఒక్కో నెల, ఒక్కో గడి ఒక్కో రోజు. నెత్తురు కనబడిన రోజున ఎర్ర స్టిక్కరు. ఏమీ కనబడని పొడి రోజున ఆకుపచ్చది. జిగురు కనబడిన రోజున పాపాయి బొమ్మ ఉన్న తెల్లది. రోజంతా గమనించుకుని సాయంత్రం అంటించాలి. సున్‌బోక్ ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. నడుము విరిగేలా సముద్రంలో మునిగి అడుగున నత్తలేరుకొచ్చిన రోజున కూడా అన్నం కంటే ముందు స్టిక్కరే అంటించింది.

డిసెంబరు, జనవరి, మార్చి కాగితాలు పచ్చిక బీళ్ళలా ఉన్నాయి. మొదట్లో అయిదు ఎర్రవి, ఆ తర్వాత అన్నీ ఆకుపచ్చవే. ఫిబ్రవరి కాగితంలో మాత్రం నడిమధ్యన నలుగురు పాపాయిలు వరసగా నవ్వుతున్నారు.

"ఈ నాలుగు రోజుల్లో ఏం చేశావు?" అని అడిగింది సిస్టర్.

ఏమీ చెయ్యలేదని చెప్పింది సున్‌బోక్. అప్పుడు తుఫాను. పది రోజులు ఎవరూ సముద్రంలోకి దిగలేదు. ఇంట్లో కూర్చుని వలసంచులు కుట్టుకున్నారు. భర్త గిపాల్ కూడా ఇంట్లో లేడు, చేపల పడవ మీద వెళ్ళి ఉత్తరాన ఏదో రేవులో చిక్కుకుపోయాడు.

సిస్టర్ అగాథా కొరియాలోని ఈ జెజు దీవికి వచ్చి, ఊళ్ళో క్లినిక్ పెట్టి మూడేళ్ళయింది. ఆవిడ రాకముందు ఊళ్ళో ఆడవాళ్ళు ఆ జిగురుని రోగమనుకునేవాళ్ళు. కనబడితే మాచిపత్రి కాచుకుని తాగేవాళ్ళు. అది రోగం కాదనీ, గర్భసంచి మూతి దగ్గర ఊరే నీరనీ ఆవిడే చెప్పింది. అండం విడుదలయ్యే ముందు కొన్ని రోజులు అది పల్చబడి, జారుడుగా, కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతుంది. మగవాడి బీజం అందులో మూడు రోజులు, ఒక్కోసారి అయిదు రోజులు బతికి ఉండి లోపలికి ఈదుకుంటూ పోతుంది. అది లేని రోజున కొద్ది గంటల్లోనే చచ్చిపోతుంది. దారి మూసే ఉంటుంది.

"సముద్రపు నీళ్ళకి కొట్టుకుపోతోందా సిస్టరమ్మా?"

"అది లోపల ఊరేది. పైన నీళ్ళు తగిలినంత మాత్రాన ఆగిపోదు." సిస్టర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మందులేమైనా వాడుతున్నావా?"

"ఏ మందూ లేదు."

"నాటు మందులు? బలానికని, వేడికని?"

"ఏదీ లేదమ్మా. ఒట్టు."

ఆ మాట నిజమనే అనుకుంది సున్‌బోక్. అదే ఆమె చేసిన తప్పు. ఆ తప్పు ఆ తీరంలో ఏ మునకమనిషైనా చేసేదే.

అది ఏప్రిల్ నెల, మంగళవారం. శనివారం సాయంత్రం గిపాల్ బూసాన్ రేవుకి వెళ్ళే ఓడ ఎక్కాలి. అక్కణ్ణుంచి చేపలు పట్టే పెద్ద ట్రాలర్ మీద ఆఫ్రికా పక్క సముద్రాలకి. ఒప్పందం రెండేళ్ళు. సున్‌బోక్‌కి ఇప్పుడు ముప్ఫై ఏడు. అతను తిరిగొచ్చేసరికి ఎంతవుతుందో ఆ గదిలో ఎవరూ పైకి లెక్కపెట్టలేదు. కాగితాల ప్రకారం ఆమెకి ముప్ఫై రోజులకోసారి నెలసరి. తెల్ల స్టిక్కర్లు రావాల్సిన రోజులు ఈ వారంలోనే ఉన్నాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ఊళ్ళో దూర సముద్రానికి వెళ్ళే మగవాళ్ళు బయల్దేరే ముందు సముద్ర దేవుడికి పూజ ఇచ్చుకుంటారు. అంతకుముందు మూడు రోజులు భార్య మొహం చూడరు, పూజ ఇంట్లోనే పడుకుంటారు, మాంసం ముట్టరు. గిపాల్ ఆ ఉదయమే దుప్పటి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. శుక్రవారం తెల్లవారి పూజ అయ్యాకే ఇంటికి వస్తాడు. అంటే మిగిలింది శుక్రవారం ఒక్కటే.

"జిగురు రావాలి," అంది సిస్టర్, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. "శుక్రవారానికల్లా రావాలి."

*

సున్‌బోక్ ఇంట్లో ఒకే మేకుకి రెండు కాగితాలు వేలాడేవి. ఒకటి సిస్టర్ ఇచ్చిన గడుల కాగితం, రెండోది ఆటుపోట్ల కేలండరు. పోటు తగ్గిన వారం రోజులూ మునగడం, పోటు పెరిగిన వారం రోజులూ పొలం పని. పదిహేను రోజులకోసారి తిరిగే చక్రం అది. ఆ సాయంత్రం ఆకుపచ్చ స్టిక్కరు అంటిస్తూ ఆమె రెండు కాగితాలనీ మొదటిసారి పక్కపక్కన పెట్టి చూసింది. 

తన ముప్ఫై రోజుల నెలలో పోటు చక్రం సరిగ్గా రెండుసార్లు తిరుగుతోంది. అందువల్ల నెల నడిమి రోజులు ఎప్పుడూ మునిగే రోజుల మీదే పడుతున్నాయి. ఏ నెల చూసినా అంతే. ఒక్క ఫిబ్రవరిలో తుఫాను అడ్డం వచ్చింది.

సముద్రమే, అనుకుంది. సిస్టర్ కాదంది గానీ సముద్రమే.

దూలం కింద అత్తగారు కో జంగ్‌చున్ చాప మీద కూర్చుని కొడవలి నూరుతోంది. అరవై నాలుగేళ్ళ మనిషి, ఊళ్ళో నలభై మంది మునకమనుషులకి పెద్ద. ఏడాదంతా ఎవరూ ముట్టకూడని సముద్రపు పాచిని మర్నాడు ఊరంతా కలిసి కొయ్యడం మొదలుపెడతారు. పురిటాలికి వండి పెట్టే పులుసు ఆ పాచితోనే చేస్తారు. ఏటా మొదటి కోతలో నిడుపైన ఆకులు ఏరి, మడవకుండా, తుంచకుండా ఎండబెట్టి ఒక కట్ట కట్టి దూలానికి వేలాడదీస్తుంది జంగ్‌చున్. పురిటికి ఉంచే కట్ట అలాగే ఉండాలి. ఏడేళ్ళుగా ఏడు కట్టలు కట్టింది. ఏడూ ఏటికేడు ఊళ్ళో వేరే ఇళ్ళ పురుళ్ళకి వెళ్ళిపోయాయి. ఇచ్చేటప్పుడు ఆవిడ ఏమీ అనేది కాదు. అదే సున్‌బోక్‌కి ఎక్కువ కష్టంగా ఉండేది.

రేపు నేను రాకపోతే ఏమవుతుంది అత్తయ్యా, అని మెల్లిగా అడిగింది.

జంగ్‌చున్ కొడవలి ఆపింది. కోత తెరిచిన రోజున గట్టున కూర్చునేది బాలింతలూ, శవం లేచిన ఇంటివాళ్ళూ మాత్రమేనంది. "నువ్వు ఆ రెంటిలో ఏదీ కాదుగా" అనలేదు. అననక్కర్లేదు కూడా.

*

బుధవారం పొద్దున్న రాతిగోడ మధ్య నెగడు మండుతోంది. నలభై మంది ఆడవాళ్ళు నల్లటి రబ్బరు దుస్తుల్లోకి దూరుతూ, ఒకరి వీపు ఒకరు లాగుతూ, ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటున్నారు. పక్కింటి మాల్‌సున్ గొంతు అందరికంటే పైన ఉంది.

"సున్‌బోకూ, మీ ఆయన పూజ ఇంట్లో గురక పెడుతున్నాడట. అక్కడ కాపలా పడుకున్న మా ఆయనకి నిద్ర లేదు. నువ్వెలా పడుకుంటున్నావే ఏడేళ్ళుగా?"

"అలవాటైపోయింది పిన్నీ. మునిగినా ఆ గురకే వినబడుతుంది."

నవ్వులు లేచాయి. మొన్న మునకలో కెరటం కొట్టి మాల్‌సున్ చేతికి కొడవలి దిగింది, ఆ గాయం కట్టు మార్చడానికి సిస్టర్ అగాథా కూడా చిన్న మోటారు సైకిలు మీద వచ్చి నెగడు పక్కన కూర్చుంది. నీళ్ళలోకి దిగొద్దని చెబుతోంది. ఆ చేత్తోనే దిగుతానని మాల్‌సున్ చెబుతోంది.

అప్పుడు జంగ్‌చున్ రేకు డబ్బా తెరిచింది. ప్రతి మునక ఉదయం చేసేట్టే లోపల్నుంచి సీసా తీసి, అరచేతిలోకి పసుపు రంగు గోలీలు వంచి, చెవులు పట్టేసే వాళ్ళకి ఒక్కోటి పంచడం మొదలుపెట్టింది. పుట్టినప్పట్నుంచీ నీళ్ళలో పెరిగిన వాళ్ళలో చాలామందికి అవసరం లేదు. సున్‌బోక్ కొండ కింద పొలాల ఊరి పిల్ల. ముప్ఫయ్యో ఏట పెళ్ళయి వచ్చాకే మునగడం నేర్చుకుంది. మొదటి నెలలోనే ముక్కు బిగిసి, చెవి పగిలి, నెత్తురు వచ్చింది. ఆ రోజు నుంచి కోడలి నోట్లో గోలీ వెయ్యకుండా అత్తగారు ఆమెని నీళ్ళలోకి వదిలింది లేదు. తల్లి పిల్లకి ముద్ద పెట్టినట్టు పెట్టేది.

"నోరు తెరువు."

సున్‌బోక్ నోరు తెరిచింది. గోలీ నాలుక మీద పడింది.

"అదేమిటి?" అంది సిస్టర్.

"చెవి గోలీ," అంది మాల్‌సున్, కట్టు వైపు చూస్తూనే. "ఇది వేసుకుంటే ముక్కు ఎండిపోతుంది సిస్టరమ్మా. ముక్కు ఎండితే చెవి తెరుచుకుంటుంది, మనిషి ఎంత లోతుకైనా పోతుంది."

"ఇంకేం ఎండుతుంది?"

"నోరు. నాలుక అట్టలా అవుతుంది. కళ్ళు మండుతాయి. అయితే ఏం, నీళ్ళలోనే ఉంటాంగా."

సిస్టర్ చేతిలోని గుడ్డ ముక్క ఆగిపోయింది. ఆవిడ సున్‌బోక్ వైపు తిరిగి చూసింది. ఆ చూపులో ప్రశ్న ఉంది, దాని వెనకాలే జవాబు కూడా ఉంది. మందు వాడుతున్నావా అని అడిగింది నిన్ననే. మందంటే జబ్బు చేసినప్పుడు వేసుకునేది. ఇది జబ్బుకి కాదు. కొడవలిలాగా, సంచిలాగా, పనికి వెళ్ళేటప్పుడు వెంట ఉండేది. దీన్ని మందని ఎవరూ ఎప్పుడూ అనలేదు.

సున్‌బోక్ లేచి, వలసంచి సర్దుకుంటున్నట్టు గోడ అవతలికి నడిచింది. సిస్టర్ వెనకే వచ్చింది.

"మింగావా?"

తల అడ్డంగా ఊపింది. గోలీ నాలుక కింద ఉంది, కరగడం మొదలైంది, చేదు.

"ముక్కులో తడిని ఎండగట్టేది కిందా ఎండగట్టేస్తుంది," అంది సిస్టర్ గొంతు తగ్గించి. "అందరికీ ఒకేలా చెయ్యకపోవచ్చు. నీకు చేస్తున్నట్టుంది. నిన్న వేసుకున్నావా?"

"మొన్న, నిన్న, రెండు రోజులూ."

"ఇవాళ్టితో ఆపితే ఒకట్రెండు రోజుల్లో ఒంట్లోంచి పోవాలి. శుక్రవారానికి..." అని సిస్టర్ ఆగిపోయింది. "కానీ గోలీ లేకుండా నువ్వు మునగకూడదు."

గట్టు మీద ఈల మోగింది. కోత తెరిచారు. నీళ్ళ మీద పట్టుకుని తేలే నారింజ రంగు తేలుబుర్రలు నలభై ఒక్కసారిగా భుజాలకెక్కాయి. అత్తగారి కేక వినబడింది, కోడలా, అని. ఇప్పుడు రానంటే ఎందుకని అడుగుతారు. నలభై మంది ముందు ఏం చెబుతుంది? తన లోపలి తడి గురించి చెబుతుందా?

గోలీని చేతి తొడుగులోకి ఉమ్మేసి, సున్‌బోక్ నీళ్ళ వైపు పరుగెత్తింది. లోతుకి పోను, గట్టు పక్కనే కోసుకుంటాను అనుకుంది.

*

గట్టు పక్కన పాచి లేదు. మొదటి అరగంటలోనే అందరూ కోసేశారు. తేలుబుర్రని పట్టుకుని ఆమె కొంచెం ముందుకు, ఇంకొంచెం ముందుకు జరిగింది. నాలుగు నిలువుల లోతులో పొడుగాటి ఆకులు ఊగుతున్నాయి. అత్తగారు దూలానికి కట్టేది అలాంటివే.

మొదటి మునకకే ఎడమ చెవిలో సూది దిగింది. మింగింది, ముక్కు మూసి ఊదింది. కుడి చెవి తెరుచుకుంది. ఎడమది బిగిసిపోయే ఉంది. పైకి వచ్చింది. మళ్ళీ దిగింది. మూడోసారి ఒక్క నిలువు లోతుకి పోయేసరికి చెవిలో ఏదో చిట్లింది. నొప్పి ఒక్కసారిగా తగ్గిపోయింది.

ఆ వెంటనే సముద్రం గిర్రున తిరిగింది.

చల్లటి నీరు ఒక చెవిలోకి వెళ్ళి, ఏది పైనో ఏది కిందో తెలియకుండా చేసింది. వెలుతురు కాళ్ళ కింద ఉన్నట్టనిపించింది. అటు తన్నింది. రాయి తగిలింది. పాచి ఆకులు మెడకీ చేతికీ చుట్టుకున్నాయి. కొడవలి ఎక్కడో జారిపోయింది. ఊపిరి అయిపోతోంది. తల వంచి తన నోటిలోంచి ఒక్క బుడగ వదిలి చూసింది, అది ఎటు పోతే అటే పైన. బుడగ ఎడమ భుజం పక్కనుంచి జారిపోయింది. అటు తన్నబోయింది గాని ఆకులు వదల్లేదు.

ఎవరో ఆమె జుట్టు పట్టుకున్నారు. కొడవలి మెరిసింది, ఒకసారి, రెండోసారి. తర్వాత వెలుతురు, గాలి, చెవి పక్కన అత్తగారి దగ్గు.

రాళ్ళ మీదకి లాక్కొచ్చాక సున్‌బోక్ వాంతి చేసుకుంది. చెవిలోంచి పల్చటి నెత్తురు మెడ మీదికి కారుతోంది. జంగ్‌చున్ కోడలి తల ఒళ్ళో పెట్టుకుని, ముఖానికున్న అద్దం తీసి, చేతి తొడుగు లాగింది. లోపల నుంచి అరచెయ్యి పసుపుగా బయటికి వచ్చింది. సగం కరిగిన గోలీ వేలి సందున అతుక్కుని ఉంది.

ముసలావిడ దాన్ని గోటితో గీకి తీసి, ఎండలో పట్టుకుని చూసింది.

"చావాలనుకున్నావా?"

"లేదత్తయ్యా."

"మరి నేనిచ్చింది ఎందుకు ఉమ్మేశావు?"

సున్‌బోక్ చెప్పింది. ఊపిరి ఆడినంత వరకు చెబుతూ, ఆగుతూ, అంతా చెప్పింది. తెల్ల స్టిక్కర్ల గురించి, తుఫాను పది రోజుల గురించి, పోటు కేలండరు గురించి, ముక్కుతో పాటు కిందా ఎండిపోయే సంగతి గురించి. సిస్టర్ పరుగున వచ్చి చెవిలో దూది పెడుతూ మధ్యలో అవునంది.

జంగ్‌చున్ ఎంతసేపూ గోలీ వైపే చూస్తూ కూర్చుంది. నలభై ఏళ్ళుగా ఎంత లోతులోనూ బెదరని ఆ మొహం మెల్లిగా మారిపోవడం సున్‌బోక్ చూసింది. కోపమైతే బాగుండుననిపించింది.

"ఏడేళ్ళు," అంది ముసలావిడ. "నా చేత్తో."

"మీకేం తెలుసత్తయ్యా. నాకే తెలీదు."

"నా చేత్తోనే పెట్టాను." లేచింది. గోలీని సముద్రంలోకి విసరలేదు. మిగతావాళ్ళ చెవుల సంగతి ఆవిడకి గుర్తుంది. రేకు డబ్బా మాల్‌సున్ ఒళ్ళో పడేసి, ఇవాళ్టి నుంచి ఇది నువ్వే పంచమంది. కోడలి వైపు తిరిగి, ఆ చెవి మానేదాకా నువ్వు నీళ్ళ మొహం చూడొద్దు, నేను చెబుతున్నాను, అంది. ఆ తర్వాత ఒక్కతే మళ్ళీ సముద్రంలోకి వెళ్ళి, కోడలు కొయ్యబోయిన నిడుపాటి ఆకుల్ని కోసుకొచ్చింది.

*

బుధవారం ఆకుపచ్చ. గురువారం ఆకుపచ్చ.

గురువారం పగలంతా అత్తాకోడళ్ళు పెరట్లో పాచి ఆరబెట్టారు. కోత రోజుల్లో జంగ్‌చున్ ఇంటి పట్టున ఉండడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. సున్‌బోక్ దొడ్డివైపు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ ముసలావిడ తలెత్తి చూసేది. కోడలు తల అడ్డంగా ఊపేది. మళ్ళీ ఇద్దరూ ఆకులు తిరగేసేవాళ్ళు. నాలుకకి మాత్రం తడి వచ్చింది. నోట్లో నీళ్ళూరుతున్నాయని సున్‌బోక్ చెబితే, అయితే అదీ వస్తుంది, అంది జంగ్‌చున్, ఆజ్ఞ ఇస్తున్నట్టు.

శుక్రవారం పొద్దున్న కొద్దిగా కనబడింది. కానీ అది తెల్లగా, చిక్కగా, వేళ్ళ మధ్య పెడితే తెగిపోయేది. ఇది మొదలు మాత్రమే, ఇంకా జారాలి, సాగాలి, అని చెప్పింది సిస్టర్. సాయంత్రానికి రావచ్చంది. రాత్రంతా ఉందిగా అనుకుంది సున్‌బోక్.

తొమ్మిదింటికి సహకార సంఘం మైకు గరగరలాడింది. మూన్ గిపాల్‌కి బూసాన్ నుంచి ఫోను. ట్రాలర్ ఒకరోజు ముందు కదులుతోంది. సిబ్బంది అందరూ ఇవాళ సాయంత్రం ఓడే ఎక్కాలి.

పది నిమిషాల్లో గిపాల్ వచ్చాడు. పూజ ఇంటి నుంచి తిన్నగా, వెనకాల నలుగురు చుట్టాలతో. పదింటి బస్సు తప్పితే ఓడ అందదు. పెట్టె మూత పడడం లేదని ఒకరు దాని మీద కూర్చున్నారు, ఎండు చేపలు మర్చిపోయావని ఇంకొకరు అరిచారు. ఆ గోలలో అతను భార్య చెవిలోని దూది చూసి, మొహం చిట్లించి, ఏమైందని అడిగాడు. మానిపోతుందంది ఆమె. అంతకుమించి మాట్లాడడానికి చోటు లేదు. ఆపాలనిపించింది. కానీ దేనికని ఆపుతుంది? పొద్దున్న చూసింది చిక్కటి జిగురే. దారి ఇంకా మూసే ఉంది. మూసిన తలుపు ముందు మనిషిని నిలబెట్టి ఓడ తప్పించాలా?

"రెండేళ్ళు ఎంతలో తిరుగుతాయి," అన్నాడు గిపాల్ బస్సు మెట్టు మీద నుంచి. అతని గొంతు కూడా ఆ మాట నమ్మలేదు.

బస్సు పోయింది. సున్‌బోక్ ఇంటికి వచ్చి, దొడ్డివైపు వెళ్ళింది. అలవాటుగా, ఆశ లేకుండా చూసింది.

తెల్లటి కాగితం మీద అద్దంలా మెరుస్తోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లిగా లాగింది. సాగింది. ఇంకా లాగింది. రెండు అంగుళాలు, మూడు అంగుళాలు. తెగలేదు. గుడ్డు తెల్లసొన.

పెరట్లోకి వచ్చి నిలబడింది. అత్తగారు తలెత్తింది. ఈసారి కోడలు తల అడ్డంగా ఊపలేదు.

జంగ్‌చున్ చేతిలోని ఆకులు కింద పడ్డాయి. "బస్సు పోయి ఎంతసేపైంది?"

"పావుగంట."

"పెద్ద ఊరి స్టాండులో బస్సు మారాలి. అక్కడ గంటసేపు ఆగుతాడు." ముసలావిడ అప్పటికే వీధిలో ఉంది. చెప్పులు లేవు. క్లినిక్ తలుపు తోసుకుని వెళ్ళేసరికి సిస్టర్ అగాథా కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంది.

"సిస్టరూ, దేవుడు ఎక్కడికీ పోడు. బస్సు పోతుంది. బండి తియ్యి."

సిస్టర్ కళ్ళు తెరిచింది. గుమ్మంలో సున్‌బోక్‌ని చూసింది. ఒక్క ప్రశ్న వేసింది, సాగిందా, అని. సాగిందని తెలిసి, జపమాల జేబులో వేసుకుని లేచింది.

ఆ చిన్న బండి మీద ఇద్దరు ఎక్కడం అంతకుముందెప్పుడూ జరగలేదు. రాతిగోడల మధ్య సందుల్లో మలుపు తిరిగినప్పుడల్లా సున్‌బోక్‌కి కళ్ళు తిరిగాయి, చెవి ఇంకా సర్దుకోలేదు. సిస్టర్ నడుము గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. గాలికి సిస్టర్ తలగుడ్డ ఆమె మొహానికి కొట్టుకుంటోంది. ఆవచేల మధ్య రోడ్డు ఎంతకీ తరగలేదు. సగం దూరంలో బండి దగ్గి, ఆగింది. సిస్టర్ దిగి, దాన్ని ఒక తన్ను తన్ని, మళ్ళీ ఎక్కింది. ఆవిడ నోటిలోంచి వచ్చిన మాట ప్రార్థన పుస్తకంలోది కాదు.

స్టాండుకి చేరేసరికి గిపాల్ పెట్టెని బస్సు పైకి అందిస్తున్నాడు.

"ఏవండీ," అంది సున్‌బోక్. గట్టిగా అనలేదు. అయినా అతను తిరిగాడు.

ఈ బస్సు తప్పితే తర్వాతిది ఒంటిగంటకి, అది అందినా ఓడకి సమయం సరిపోతుందని టిక్కెట్ల గదిలో చెప్పారు. సరిగ్గా సరిపోతుంది, అంతకంటే ఒక్క నిమిషం మిగలదు. గిపాల్ భార్య మొహం చూశాడు. ఆమె చెవి దగ్గర ఏదో చెప్పింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. బస్సు మీది పెట్టెని దింపించాడు.

స్టాండు ఎదురుగా రెండంతస్తుల చిన్న సత్రం ఉంది. పట్టపగలు, ఒక క్రైస్తవ సన్యాసిని మోటారు సైకిలు పక్కన పెట్టె మీద కూర్చుని జపమాల తిప్పుతుంటే, పెళ్ళయి ఏడేళ్ళయిన మొగుడూ పెళ్ళాలు సత్రం మెట్లెక్కడం ఆ స్టాండులో చాలామంది చూశారు. కూరగాయల ముసలమ్మ ఒకతె సిస్టర్ని అడగనే అడిగింది, వాళ్ళెవరని.

"నా రోగులు," అంది సిస్టర్.

ఒంటిగంట బస్సుకి గిపాల్ ఎక్కాడు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు.

*

ఆ సాయంత్రం తెల్ల స్టిక్కరు జంగ్‌చున్ అంటించింది. వంకరగా అంటించింది. శనివారం ఇంకొకటి. ఆదివారం నుంచి ఆకుపచ్చ.

ఆ తర్వాత లెక్క మొదలైంది. చివరి తెల్ల స్టిక్కరు తర్వాత మామూలుగా పద్నాలుగో రోజుకి ఎరుపు రావాలి. పద్దెనిమిది రోజులు దాటినా రాకపోతే తన దగ్గరికి రమ్మంది సిస్టర్. పదమూడో రోజున సున్‌బోక్‌కి నడుం నొప్పి పుట్టింది. రాత్రి కట్టుబట్ట ముడి విప్పి దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. ఏమీ లేదు. ఆకుపచ్చ. పద్నాలుగు, ఆకుపచ్చ. పోటు మళ్ళీ తగ్గి, ఆడవాళ్ళందరూ సముద్రంలోకి వెళ్ళారు. చెవి మానలేదని అత్తగారు అందరికీ చెప్పి కోడల్ని నెగడు దగ్గర కూర్చోబెట్టింది. చెవి మానిపోయిందని ఇద్దరికీ తెలుసు. ఎర్ర స్టిక్కర్ల కట్టని జంగ్‌చున్ బియ్యం జాడీ వెనక దాచేసింది. దాచితే రాదన్నట్టు.

పంతొమ్మిదో రోజున, ఎండు పాచి కట్టలు లోపల సర్దుతుండగా మాల్‌సున్ గుమ్మంలోకి వచ్చింది. పట్నంలో ఉన్న కూతురికి పురుడు వచ్చిందట. మగపిల్లాడు. ఏటా లాగే ఆ పెద్ద కట్ట ఇస్తే రేపటి బస్సుకి పంపుతానంది. దూలం కింద వేలాడుతున్న, మడత లేని నిడుపాటి కట్ట వైపు చెయ్యి కూడా చాపింది.

ఎనిమిదో కట్ట అది. బుధవారం నాడు జంగ్‌చున్ ఒక్కతే వెళ్ళి కోసుకొచ్చినది.

జంగ్‌చున్ మేకు వైపు చూసింది. గడుల కాగితం మీద చివరి వంకర పాపాయి తర్వాత పద్దెనిమిది ఆకుపచ్చలు. సున్‌బోక్ ఆ పొద్దున్నే వాంతి చేసుకుంది.  పొట్ట మీద చెయ్యి ఎప్పుడు పెట్టుకుందో ఆమెకే తెలీదు.

"మనవడికి నా దీవెన చెప్పు," అంది ముసలావిడ. "చిన్న కట్టలు రెండు తీసుకెళ్ళు."

"పెద్దది ఇవ్వవా పెద్దక్కా?"

"ఈ ఏడు లేదు మాల్‌సునూ. మా ఇంటికి కావాలి."

మాల్‌సున్ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కట్ట వైపు, మేకు వైపు, సున్‌బోక్ పొట్ట మీది చెయ్యి వైపు చూసింది. నోట్లో ఎప్పుడూ ఉండే జోకు ఆ పూట రాలేదు. చిన్న కట్టలు రెండూ చంకన పెట్టుకుని, గుమ్మం దాటాక తువ్వాలుతో మొహం తుడుచుకుంది.

జంగ్‌చున్ కర్ర తీసుకుని దూలానికి వేలాడే కట్టని ఎలకలకి అందకుండా ఇంకొంచెం లోపలికి జరిపింది. ఆ తర్వాత కోడల్ని కేకేసింది, చెప్పులేసుకో, సిస్టర్ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను అని.